యాభై రెండు పాదాలు

సాసర్లో గడ్డి ముల్లు మూడు రోజులుగా అలాగే ఉంది.

వడ్లగింజకన్నా కాస్త పొడుగు, అంతే. ఒక కొస సూదిలా ఉంటుంది, ఇంకో కొసకి సన్నటి తోక. వేటకుక్క అక్తోస్ ముందుకాలు కోసి, చీమూ నెత్తురూ పిండి, పశువుల డాక్టరమ్మ దాన్ని పటకారుతో బయటికి లాగింది. ఉల్బాలా దాన్ని కడిగి, తన పెళ్ళినాటి బంగారు అంచు సాసర్లో పెట్టి, టీ బల్ల మీద రొట్టెల పక్కన ఉంచింది. అప్పట్నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. కదిపినవాళ్ళు ఓడిపోయినట్టేనని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

గురువారం పొద్దున సార్సెన్ చేతులు కడుక్కుని టీకి వచ్చి కూర్చున్నాడు. సాసర్ వంక చూడకుండా, దాని మీదుగా చెయ్యి చాపి రొట్టె అందుకున్నాడు.

"దీన్ని తీసెయ్యకూడదూ?" అన్నాడు.

"అడ్డమైతే మీరే తీయండి."

"నాకేం అడ్డం?"

"అయితే ఉండనివ్వండి."

కిటికీ పక్కన పరుపు మీద అత్తగారు కుల్జీపా ఎండు పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. ఆవిడకి ఎనభై ఒకటో ఏడు. పళ్ళు లేవు గాని పెరుగు ఉండ మానదు. మామూలప్పుడు పది కేకలేస్తే గాని వినపడదు, కొడుకూ కోడలూ గొంతు పెంచితే మాత్రం ఒక్క మాట పొల్లు పోదు.

"పోయిన శుక్రవారం మీరే చూశారు దాని పాదం," అంది ఉల్బాలా. "శుభ్రంగా ఉందన్నారు."

"అప్పుడు శుభ్రంగానే ఉంది."

"డాక్టరమ్మ కనీసం వారం నాటి ముల్లంది."

"ఆవుల డాక్టరు. ఆ పిల్లకి తాజీల గురించి ఏం తెలుసు?"

"ముల్లు ఆవులోంచి రాలేదుగా."

పరుపు మీంచి దగ్గు వినిపించింది. ముసలావిడ నవ్వు అలాగే ఉంటుంది.

సార్సెన్ రొట్టె తుంచి, తినకుండా పట్టుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ చుట్టుపక్కల తాజీ వేటకుక్క కావాలంటే ఆయన గుమ్మానికే వస్తారు. ఏ పిల్లకి ఏ తల్లి, ఏ తండ్రి, ఏడు తరాలు వెనక్కి చెప్పగలడు. పెళ్ళాం మాటకి జవాబు చెప్పడం మాత్రం ఇన్నేళ్ళలో నేర్చుకోలేదు.

"పన్నెండున్నాయి మనింట్లో," అంది ఉల్బాలా. "పన్నెండింటికి నలభై ఎనిమిది పాదాలు. రోజూ సాయంత్రం ఒక్కోటీ విప్పి చూడాలి. మనిషికి ఉన్నవి రెండు చేతులు."

"నేనేమన్నా సంతలో కొనుక్కొచ్చానా? ఏడు మనవి. ఐదు తిరిగొచ్చినవి."

"ఎందుకు తిరిగొచ్చాయి?"

"నీకు తెలీదా? పిల్లని చేతిలో పెట్టేటప్పుడే చెప్తాను. సాకలేకపోతే రోడ్డు మీద వదలకు, తెచ్చి నా గుమ్మానికి కట్టెయ్యి అని. తెచ్చి కట్టేశారు. పొమ్మనమంటావా?"

"ఆ మాట చెప్పడం మానమని నేననట్లేదు. అన్నిసార్లు చెప్పాల్సినన్ని పిల్లల్ని పుట్టించడం మానమంటున్నా."

ఈ మాట సూటిగా తగిలింది. సార్సెన్ రొట్టె బల్ల మీద పెట్టేశాడు.

"రేపు ఆ సెమెయ్ ఊరాయన తన మగకుక్కని తీసుకొస్తున్నాడు," అంది ఆమె. "కరాగ్యోజ్‌కి జత కట్టిస్తారు. నడి చలికాలంలో ఎనిమిదో తొమ్మిదో పుడతాయి. వాటి పాదాలు ఎవరు చూస్తారు?"

"నేనే చూస్తా."

"అక్తోస్‌ని చూసినట్టా?"

ఉల్బాలా ఆయన గిన్నె అందుకుని, టీ పోసి, పాలు పోసి, అంచుదాకా నింపి ముందు పెట్టింది.

ముసలావిడ చప్పరించడం ఆపింది. ఇంకాసేపు ఉండాలని కోరుకునేవాళ్ళకి గిన్నె అడుగున కొంచెమే పోసి మళ్ళీ మళ్ళీ నింపడం ఆ వైపు ఇళ్ళలో కోడలి మర్యాద. నిండుగా పోస్తే తాగి లేచి వెళ్ళమని. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఉల్బాలా ఆ పని ఒక్కసారే చేసింది, అదీ ఓ పన్నుల గుమాస్తాకి.

"పొమ్మనేనా?" అన్నాడు సార్సెన్.

"వేడిగా ఉంది, తాగండి."

ఆయన గిన్నె చుట్టూ రెండు చేతుల వేళ్ళూ వేసి పట్టుకున్నాడు. ఆవిరి ముఖానికి కొడుతోంది. పౌరుషం కాబోలు, కింద పెట్టలేదు. చల్లారేదాకా అలాగే పట్టుకు కూర్చుని, ఒక్క గుక్కలో తాగేసి, టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. మొండితనానికి కూడా ఓ హద్దుండాలి అనుకుంది ఉల్బాలా.

*

అక్తోస్ పొయ్యి పక్కన కంబళి మీద పడుకుని ఉంది. రోజుకి మూడుసార్లు గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో గాయం కడగాలి. పదిరోజుల్లో వాపు తగ్గకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ అమ్మాయి ఊరికే బెదిరించే రకం కాదు.

ఉల్బాలా పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని నేల మీద కూర్చుంది. అక్తోస్ అడక్కుండానే కాలు చాపింది. తొమ్మిదేళ్ళ కిందట తల్లి చచ్చిపోతే, గుప్పెడంత పిల్లని కోటు లోపల గుండెకి ఆనించుకుని, పాలబుడ్డితో పెంచింది ఉల్బాలా. మిగతావి ఆయన కుక్కలు. ఇది తన కుక్క. పరిగెత్తలేని తాజీ తిండి మానేస్తుంది, ఆ తర్వాత ఎక్కువ రోజులుండదు. ఆమెకి భయంగా ఉంది. ఆ భయం మీదే కోపం కూడా నడుస్తోంది.

కర్ర చప్పుడైంది. కుల్జీపా వచ్చి గడపలో నిలబడింది.

"మొన్న ఎవరికి ఫోన్ చేశావు? కొట్టం వెనక్కి పోయి మాట్లాడావు."

"మీకు వినపడదుగా, అత్తయ్యా."

"కనపడుతుంది."

ఉల్బాలా నీళ్ళలో గుడ్డ పిండింది. దాచి ప్రయోజనం లేదు.

"బెక్జాత్‌కి."

ముసలావిడ మెల్లగా వచ్చి పీట మీద కూర్చుంది. బెక్జాత్ ఆవిడ కూతురి కొడుకు, సార్సెన్‌కి మేనల్లుడు. అల్మాతీలో ఉద్యోగం, తొమ్మిదో అంతస్తులో కాపురం.

"అడగమన్నావా?"

"అడగమన్నా. మేనల్లుడు అడిగితే మేనమామ కాదనకూడదు కదా. వాడికి ఉన్నవి మూడు అడగడాలు. పన్నెండేళ్ళప్పుడు జీను అడిగాడు, పెళ్ళికి ఎర్రగుర్రాన్ని అడిగాడు. మూడోది మిగిలే ఉంది."

"ఆ మూడోది కుక్క కోసం వాడమన్నావా? వాడమ్మ దాన్ని ఇంకా మంచిదేదో దానికి దాస్తోందే."

"ఒక్క కుక్క కాదత్తయ్యా. నిరుటి ఈతలో పిల్లలు మూడున్నాయి కదా, మూడింటినీ కలిపి ఒక్క మాటలో అడగమన్నా. మంచి వేటగాళ్ళ ఇళ్ళు మూడు నేనే చూసి పెట్టాను. మీ అబ్బాయి నా మాట వినడు. మేనల్లుడి మాట కాదనలేడు."

కుల్జీపా కాసేపు కోడలి వంక చూసింది. ఆ చూపులో మెచ్చుకోలుంది, బయటపెట్టలేదంతే.

"తొమ్మిది మిగుల్తాయి," అంది.

"ముందు తొమ్మిది కానివ్వండి."

"మా ఆయన నాలుగే ఉంచేవాడు. ఎందుకో తెలుసా?"

"మంచి వేటకి నాలుగు చాలనా?"

"టీ కోసం. నేను సమోవార్ కింద పుల్లలు ఎగదోస్తే ఆయన పాదాలు చూడ్డానికి కూర్చునేవాడు. నాలుగైతే నీళ్ళు మరిగేసరికి లోపలికొచ్చేవాడు. ఓసారి ఎవరో ఇచ్చారని ఐదోదాన్ని తెచ్చాడు. ఐదు రోజులు చల్లారిన టీ తాగాడు. ఆరో రోజు దాన్ని తీసుకెళ్ళి తమ్ముడికిచ్చేశాడు."

"అంతేనా?"

"అంతే. ఇంకేదో గొప్ప కారణముందని ఊళ్ళో చెప్పుకునేవారు. నేను కాదనేదాన్ని కాదు."

ఉల్బాలాకి నవ్వొచ్చింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

"బెక్జాత్ ఏమన్నాడు?" అంది ముసలావిడ.

"వస్తానన్నాడు. తనకి కూడా మావయ్యతో పనుందన్నాడు."

"ఏం పని?"

"అడగలేదు."

"అడగాల్సింది," అని కుల్జీపా కర్ర ఊతంగా లేచింది.

*

నాలుగు గంటలకి కారొచ్చి గేటు ముందాగింది. పెరట్లో పదకొండు కుక్కలూ లేచి నిలబడ్డాయి. తాజీలు పెద్దగా మొరగవు, మెడలు చాపి చూస్తాయి.

బెక్జాత్ దిగి, వెనక తలుపు తీశాడు. లోపల్నుంచి ఓ కుక్క దూకింది. లేత పసుపు రంగు, చెవుల మీద పొడుగాటి బొచ్చు, తాజీకి ఉండకూడనంత పొట్ట. ఉల్బాలా వెంటనే పోల్చుకుంది. ఉష్కీర్. అక్తోస్ కొడుకు. మూడేళ్ళ కిందట ఈ గేటులోంచే బెక్జాత్ చంకలో వెళ్ళాడు.

"తల్లిని చూపించడానికి తెచ్చావా?" అంది.

"దారంతా మూలుగుతూనే ఉన్నాడత్తా. కనుమ దాటాక ఆపి వదిలాను. ఎండుగడ్డిలో పడి పిచ్చిపట్టినట్టు పరిగెత్తాడు. పట్టుకోడానికి అరగంట పట్టింది నాకు."

అతని ప్యాంటుకి మోకాళ్ళదాకా గడ్డి అంటుకుని ఉంది. మనిషి పాలిపోయి ఉన్నాడు. నాలుగు నెలల పసిబిడ్డ ఉన్న ఇంట్లో తండ్రి అలాగే ఉంటాడులే అని ఉల్బాలా అంతటితో వదిలేసింది.

బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. బెక్జాత్ సాసర్లో ముల్లు వంక చూశాడు గాని ఇదేమిటని అడగలేదు, తెలివైనవాడే. ఉల్బాలా అతనికి గిన్నె అడుగున కాస్త టీ పోసి సార్సెన్‌కి అందించింది. సార్సెన్ దాన్ని ఒడిసిపట్టి మేనల్లుడికి ఇచ్చాడు.

"అబ్బా!" అని బెక్జాత్ గిన్నె బల్ల మీద పడేసి వేళ్ళు విదిలించుకున్నాడు. "నిప్పులా ఉంది మావయ్యా, ఎలా పట్టుకున్నావు?"

"ఆఫీసు చేతులురా నీవి. కాయితాలు తప్ప ఏం పట్టుకున్నాయి?"

అందరూ నవ్వారు. ఉల్బాలా కూడా నవ్వింది.

ఆ నవ్వు అయ్యాక బెక్జాత్ గొంతు సవరించుకున్నాడు. అమ్మమ్మ వైపు తిరిగి, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"అమ్మమ్మా, నీ ముందు అడుగుతున్నా. మావయ్య దగ్గర నాకింకా ఒకటి మిగిలుంది."

"ఉంది," అంది కుల్జీపా.

సార్సెన్ నిటారుగా కూర్చున్నాడు. ఇలాంటప్పుడు ఆయనకి మహా గాంభీర్యం వచ్చేస్తుంది. "అడుగు. ఈ ఇంట్లో ఉన్నది ఏదైనా సరే."

ఉల్బాలా బల్లగుడ్డ మీద పువ్వుల వంక చూస్తూ కూర్చుంది. మూడు కుక్కలు. ఒక్క మాట.

"ఉష్కీర్‌ని వెనక్కి తీసుకో మావయ్యా," అన్నాడు బెక్జాత్.

సమోవార్‌లో నీళ్ళు గుసగుసలాడుతున్నాయి.

"బిడ్డ పుట్టినప్పట్నుంచీ వాణ్ణి బయటికి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. తలుపు కొరికేశాడు. నేనింటికొచ్చేసరికి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు, నా వైపు తిరగడు కూడా. నాకు సిగ్గుగా ఉంది మావయ్యా. వాణ్ణి ముచ్చటపడి తీసుకెళ్ళినవాణ్ణి నేను."

"దీనికి అడగడం కూడానా?" అన్నాడు సార్సెన్. "తెస్తే తీసుకుంటానని చెప్పే ఇచ్చాగా. మూడో అడగడం ఉత్తపుణ్యానికి పోగొట్టుకున్నావు."

"నువ్వు తీసుకుంటావు. అత్త గేటు దగ్గరే ఆపేస్తుందని అమ్మ చెప్పింది. ఇలా అడిగితే ఇంక ఎవరూ కాదనలేరు కదా." బెక్జాత్ ఉల్బాలా వైపు తిరిగాడు. ముఖం కందిపోయింది. "అత్తా, నువ్వు ఫోన్లో చెప్పిన ఆ మూడు పిల్లల్నీ అడుగుదామనే బయల్దేరాను, నిజంగా. కానీ ఏం చెయ్యను, మిగిలింది ఒక్కటే కదా."

మంచివాడే. నోట్లో మాట దాచుకోవడం మాత్రం తెలీదు.

సార్సెన్ భార్య వంక చూశాడు. ఆమె సమోవార్ వంక చూసింది.

"ఫోన్లో ఏం చెప్పావు?"

"చెప్పాడుగా."

"నా కుక్కల్ని నాకు తెలీకుండా పంచిపెడుతున్నావా?"

"పంచలేదు. అడిగించాను."

"నన్నడగొచ్చుగా?"

"ఎన్నిసార్లు అడిగాను! ఈ సాసర్‌ని అడిగితే ఈపాటికి పలికేది."

కుల్జీపా దగ్గింది. ఈసారి అది నవ్వు కాదు.

సార్సెన్ లేచాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు. సాసర్ తీసుకుని, ముల్లుని కిటికీలోంచి బయటికి ఒంపి, ఖాళీ సాసర్ ఉల్బాలా ముందు పెట్టాడు.

"పన్నెండు ఎక్కువన్నావు. ఇప్పుడు పదమూడు. పద బయటికి. అమ్మా, నువ్వూ రా. అందరి ముందూ పదమూడింటి పాదాలూ చూస్తాను. నా వెనకే నువ్వు కూడా చూడు. ఒక్క ముల్లు నా వేలికి తప్పినా, ఆ సెమెయ్ ఆయన్ని రావద్దని ఇప్పుడే ఫోన్ చేస్తా. నాన్న ఉంచుకున్నట్టు నాలుగే ఉంచుకుని, మిగతావి నువ్వు ఎక్కడికి చెబితే అక్కడికే పంపిస్తా."

"తప్పకపోతే?"

"ఈ ఇంట్లో కుక్కల్ని లెక్కపెట్టే మాట ఇంక నాకు వినపడకూడదు."

ఉల్బాలా ఒక్క క్షణం ఆలోచించింది. "సరే," అంది.

*

పెరట్లో ఎండ ఇంకా ఉంది. ముసలావిడకి కుర్చీ వేశారు, ఒళ్ళో దుప్పటి కప్పారు. బెక్జాత్ గోడకి చేరగిలబడి, తన వల్ల వచ్చిన గొడవకి ఎటు చూడాలో తెలీక మబ్బుల్ని చూస్తున్నాడు.

సార్సెన్ పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. కాలివేళ్ళ సందుల్లో బొచ్చు అడ్డం కాబట్టి కంటితో కాదు, వేలితో చూడాలని తండ్రి నేర్పాడు. ఆ పని చిన్నప్పట్నుంచీ కళ్ళు మూసుకునే చేస్తాడు. షెలెక్ సంతలో ఆయన గురించి చెప్పుకునేది కూడా అదే. సార్సెన్ వేలు తగిలితే ఎముకలో బీట కూడా దాగదంటారు.

మొదట బోర్‌బాసర్ వచ్చింది. తర్వాత కరాగ్యోజ్. పిలవనక్కర్లేదు, ఒక్కోటీ వచ్చి ఎదురుగా కూర్చుని పాదం ఎత్తి ఆయన అరచేతిలో పెడుతుంది. ఆయన వేళ్ళు విప్పుతాడు, సందు సందులోకీ చూపుడువేలు పోనిచ్చి తిప్పుతాడు, గోళ్ళ మొదళ్ళు తడుముతాడు. "శుభ్రంగా ఉంది." ఇంకో పాదం.

ఉల్బాలా పక్కనే కూర్చుని, ఆయన తర్వాత తనూ చూసింది. శుభ్రంగానే ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి? అక్తోస్ కాలు కోసినప్పట్నుంచీ ఒక్క కుక్కనీ పొలాల వైపు వదల్లేదు. నిన్న సాయంత్రం ఆమె దువ్వెన పెట్టి అన్నిటి పాదాలూ దువ్వింది. ఇది ఆయనకీ తెలుసు. తెలిసే పందెం కాశాడనిపించి ఆమెకి ఒళ్ళు మండింది.

అయినా చూస్తుంటే బావుంది. ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే. ముఖం ఎండకి ఎత్తి, కళ్ళు మూసుకుని, పాదం పట్టుకుని కూర్చున్న ఆయన్ని చూసే ఆమె పందొమ్మిదేళ్ళప్పుడు ఈ ఇంటికొచ్చింది. అప్పుడు కలిగిన ప్రేమ ఇప్పుడూ ఉంది, కోపం కింద అణిగి ఉందంతే.

తిరిగొచ్చిన ఐదూ అయ్యాయి. కుంటుకుంటూ వచ్చిన అక్తోస్ మంచి కాళ్ళు మూడూ అయ్యాయి, కట్టున్న నాలుగోదాన్ని ఆయన ఊరికే అరచేతిలో పెట్టుకుని, కాసేపుంచి, దించేశాడు. నలభై ఎనిమిది.

"ఇంక నీ కొడుకు," అన్నాడు దానితో.

ఉష్కీర్ వచ్చి కూర్చున్నాడు. మూడేళ్ళయినా అలవాటు మర్చిపోలేదు, పాదం ఎత్తి అరచేతిలో పెట్టాడు. నేల మీద నడిచి అరగని గోళ్ళు, ఇంట్లో తిరిగిన మెత్తటి పాదం.

ముందు ఎడమకాలు. "శుభ్రంగా ఉంది."

ముందు కుడికాలు.

ఉల్బాలాకి అది వెంటనే కనపడింది. మధ్య రెండు వేళ్ళ సందులో, బొచ్చులోంచి పసుపుపచ్చటి తోక గోరంత బయటికి వచ్చి ఉంది. ఎండ దాని మీదే పడుతోంది. సూదికొస అప్పటికే చర్మంలో దిగింది. కనుమ దగ్గరి ఎండుగడ్డి.

సార్సెన్ చూపుడువేలు ఆ సందులోకి వెళ్ళింది. తోక వంగి, మళ్ళీ లేచింది. వేలు వెనక్కొచ్చింది. ఇంకోసారి వెళ్ళింది. తోక మళ్ళీ వంగింది. ఉష్కీర్ కొంచెం ఉలిక్కిపడ్డాడు.

"శుభ్రంగా ఉంది," అన్నాడు సార్సెన్.

ఆటపట్టిస్తున్నాడనుకుంది ముందు. తర్వాత ఆ వేలి వంక చూసింది.

వేలికొస నున్నగా, గులాబీ రంగులో మెరుస్తోంది. గీతలు లేవు. మిగతా వేళ్ళూ అంతే. పోయిన ఫిబ్రవరిలో మంచుతుఫానులో తప్పిపోయిన కరాగ్యోజ్‌ని వెతుక్కుంటూ వెళ్ళి, నల్లబడ్డ వేళ్ళతో తిరిగొచ్చాడు. నెలన్నర కట్లు కట్టింది తనే. పాత చర్మం ఊడి కొత్త చర్మం వచ్చిందని ఊరంతా తిరిగి చూపించుకున్నాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. వాటికి స్పర్శ ఉందా అని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

పొద్దున అంచుదాకా పోసిన టీ. ఇందాక బెక్జాత్ పడేసిన గిన్నె. మొండితనం అనుకుంది తను.

అయితే అక్తోస్ విషయంలో ఆయన పన్నెండింటి హడావుడిలో ముల్లుని వదిలేయలేదు. ముల్లు మీద వేలు పెట్టే శుభ్రంగా ఉందన్నాడు. పన్నెండైనా, నాలుగైనా, ఒక్కటైనా అంతే.

"ఏమ్మా ఉల్బాలా?" అని కుర్చీలోంచి ముసలావిడ కేక వేసింది. "మా వాడు గెలిచాడా, నువ్వు గెలిచావా? చలేస్తోంది నాకు."

"ఇంక రెండు కాళ్ళే అమ్మమ్మా," అన్నాడు బెక్జాత్. "యాభై ఉత్తీర్ణులు."

ఒక్క మాట చెబితే చాలు. రేపు సెమెయ్ కారు రాదు, మూడు పిల్లలూ మంచి ఇళ్ళకి పోతాయి, నాలుగే మిగుల్తాయి. ఆమె అడిగినదంతా జరుగుతుంది. ఆ మాట చెప్పాల్సింది మాత్రం వాళ్ళమ్మ ముందు, మేనల్లుడి ముందు. మీ వేళ్ళు చచ్చిపోయాయని. చెప్పకపోతే ముల్లు రోజుకి ఇంత చొప్పున పైకి పాకుతుంది, పొయ్యి పక్క కంబళి మీద తల్లి పక్కనే కొడుకు పడుకుంటాడు.

ఆమె ఉష్కీర్ పాదం వైపు చెయ్యి చాపి, సగంలోనే ఆపింది.

సార్సెన్ మూడో కాలు అడగలేదు. ముల్లున్న పాదం అరచేతిలోనే ఉంది. కళ్ళు తెరిచాడు. పాదం వైపు చూడలేదు, భార్య ముఖంలోకి చూశాడు. ముప్ఫయ్యేళ్ళుగా తెలిసిన ముఖం కాబట్టి చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన మెడ మీద చెమట పట్టింది.

"ఉందా?" అన్నాడు, తల్లికి వినపడనంత మెల్లగా.